విశాఖ ఫార్మసిస్టులకు నాయకత్వ మార్గదర్శి: కౌంటర్ నుంచి బృందాన్ని నడిపించే దాకా

మహారాణిపేట ఆసుపత్రుల ఫార్మసీల్లో పనిచేసేవారు, గాజువాక, మధురవాడల్లో మందుల షాపులు నడిపేవారు, ఈమధ్యనే ఇన్‌చార్జి బాధ్యత తీసుకున్న యువ ఫార్మసిస్టులు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటే. చదువు ఉంది, అనుభవం ఉంది. అయినా డాక్టర్లూ యాజమాన్యమూ మన మాటకు విలువ ఇచ్చే స్థాయికి ఎదగడం ఎలా? చేయవలసిన పనులు ఏ వరసలో చేయాలో ఆ వరసలోనే కింద రాశాను.

మందు రోగి చేతిలోకి వెళ్లే ముందు దాన్ని చివరిసారి చూసేది ఫార్మసిస్టే. ఆ చివరి తనిఖీకి తానే జవాబుదారీ అని ఒప్పుకుని, తాను లేని వేళల్లో కూడా అది అదే తీరుగా జరిగేలా ఏర్పాటు చేయగలిగితే, పదవి ఉన్నా లేకపోయినా అతడు లేదా ఆమె నాయకత్వం వహిస్తున్నట్టే. ఇందులోని ప్రతి మెట్టూ ఆ రెండు విషయాల కోసమే. మొత్తం క్రమానికి దాదాపు ఆరు నెలలు పెట్టుకోవాలి. సొంత పని చక్కబడకముందే ఇతరులను సరిదిద్దడానికి పూనుకుంటే మాట చెల్లదు కనుక వరస మార్చకపోవడం మంచిది.

1. మొదలుపెట్టే ముందు చూసుకోవలసినవి

ముందుగా కాగితాలు. ఫార్మసీ చట్టం, 1948లోని 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు చీటీపై మందు ఇవ్వవలసినది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు మాత్రమే. చీటీపై ఇచ్చే మందును ఫార్మసిస్టు స్వయంగా పర్యవేక్షించాలని 1945 నాటి ఔషధ నియమాలు కూడా చెబుతున్నాయి. సర్టిఫికెట్ ఒక షాపు గోడకు వేలాడుతూ మనిషి మరోచోట ఉద్యోగం చేస్తున్నంత కాలం నాయకత్వం మీద ఎన్ని శిక్షణలు తీసుకున్నా ఉపయోగం ఉండదు. సర్టిఫికెట్ అద్దెకు ఇచ్చినవారు అన్నిటికంటే ముందు దాన్ని వెనక్కి తీసుకోవాలి. ఈ విషయంలో మధ్యేమార్గం ఉందని నేను అనుకోను.

సరిచూసుకోవలసిన జాబితా:

• రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉందా, రెన్యూవల్ ఎప్పుడు?
• షాపు లైసెన్సులో మీ పేరు ఉంటే, షాపు తెరిచి ఉండే వేళలన్నింటికీ ఫార్మసిస్టు ఉన్నారా? మీరు లేనప్పుడు ఎవరు?
• షెడ్యూల్ హెచ్1 (చీటీపైనే ఇచ్చి, ప్రతి అమ్మకాన్నీ నమోదు చేయవలసిన మందులు) రిజిస్టరు విడిగా ఉందా? రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణం అమ్మిన వెంటనే రాస్తున్నారా? మూడేళ్ల పాత రిజిస్టర్లు దొరుకుతాయా?
• షెడ్యూల్ ఎక్స్ (ఇంకా కఠినమైన నియంత్రణ ఉన్న) మందులు ఉంటే తాళం వేసిన అరలో ఉన్నాయా? చీటీ నకలు రెండేళ్లు భద్రపరుస్తున్నారా?
• ఫ్రిజ్‌లో థర్మామీటరు ఉందా? రోజుకు రెండుసార్లు ఎవరు చూసి రాస్తున్నారు?
• మీ దగ్గరికి ఎక్కువగా చీటీలు వచ్చే డాక్టర్ల ఫోన్ నంబర్లు, క్లినిక్ వేళలు ఒకే కాగితంపై ఉన్నాయా?

తరువాత ఒక వారం పాటు ఏమీ మార్చకుండా గమనించండి. చిన్న నోటు పుస్తకంలో మూడు గడులు గీసి, సందేహం వచ్చినా అడగకుండా ఇచ్చేసిన చీటీలు, రోగికి వివరించకుండా పంపిన మందులు, ఎవరు చూస్తారో తేలక అలాగే మిగిలిపోయిన పనులు వేర్వేరుగా రాయండి. వారం చివర ఏ గడి ఎక్కువ నిండిందో చూస్తే, కింది మెట్లలో దేనిమీద ఎక్కువ కాలం గడపాలో మీకే తెలుస్తుంది.

2. సొంత పనికి ఒక స్థిరమైన క్రమం

చీటీ చదవడానికి ఒక వరస పెట్టుకుని, జనం ఎంత ఉన్నా దాన్ని తప్పకండి. రోగి పేరు, వయసు, తేదీ, మందు పేరు, మోతాదు, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు, ఇప్పటికే వాడుతున్న మందులు, అలర్జీ. చివరి రెండూ చీటీలో సాధారణంగా ఉండవు కనుక నోటితో అడగాలి. “అమ్మా, ఇప్పుడు ఇంకేమైనా మాత్రలు వాడుతున్నారా? ఏ మందైనా పడకుండా దద్దుర్లు వచ్చాయా?” అని అడగడానికి పట్టే సమయం బిల్లు ప్రింటయ్యే లోపు సరిపోతుంది.

తీసిన మందును చీటీతో ఒకసారి, బిల్లుతో మరొకసారి, రోగి చేతిలో పెడుతూ ఇంకొకసారి పోల్చి చూడాలి. స్ట్రిప్ మీద ఎక్స్‌పైరీ తేదీ ముందు వచ్చేది ముందు అమ్ముడయ్యేలా అరలు సర్దాలి. విశాఖలాంటి సముద్రతీర నగరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, డబ్బాలో విడి మాత్రలు పోసి రోజుల తరబడి మూత తీస్తూ ఉండే అలవాటును ఇక్కడ మరీ ముఖ్యంగా మానుకోవాలి.

ఈ క్రమాన్ని నెల రోజులు తప్పకుండా పాటించిన తరువాతే తరువాతి మెట్టుకు వెళ్లండి. కింద పనిచేసేవారు మన ఉపన్యాసం కంటే మన చేతులనే ఎక్కువగా గమనిస్తారు.

3. సందేహాల పుస్తకం

వ్యక్తిగత ఎదుగుదలకు నాకు తెలిసినంతలో ఇంతకంటే నమ్మకమైన సాధనం లేదు. కౌంటర్ దగ్గర వచ్చిన ప్రతి సందేహాన్ని అప్పటికప్పుడే ఒక వాక్యంలో రాయండి. “థైరాక్సిన్ (థైరాయిడ్ మందు) వేసుకునేవారు కాల్షియం మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?” అన్నంత చిన్నదైనా సరే. ఆ రాత్రే, కుదరకపోతే ఆ వారంలోపే, ప్రామాణిక పాఠ్యగ్రంథంలోనో మందు పెట్టెలో వచ్చే సమాచార పత్రంలోనో చూసి సమాధానం రాయాలి. పై ప్రశ్నకు సమాధానం: థైరాక్సిన్ ఖాళీ కడుపుతో, అల్పాహారానికి అరగంట నుంచి గంట ముందు, కాల్షియం, ఐరన్ మాత్రలు దానికి కనీసం 4 గంటల దూరంలో.

సమాధానం పక్కన అది ఎక్కడ చూశారో కూడా రాయాలి. రేపు ఒక డాక్టరు “ఎక్కడుంది?” అని అడిగినప్పుడు తడబడకుండా చెప్పగలిగే ఫార్మసిస్టుకూ, “అలా విన్నానండీ” అనే ఫార్మసిస్టుకూ లభించే గౌరవంలో చాలా తేడా ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మను, కంపెనీ రిప్రజెంటేటివ్ ఇచ్చిన కరపత్రాన్ని ఏకైక ఆధారంగా ఎప్పుడూ తీసుకోకండి.

4. డాక్టరుకు ఫోన్ చేయడం

ఫార్మసిస్టు నాయకత్వం నిజంగా పరీక్షకు వచ్చేది ఇక్కడే. చాలామందికి విషయం తెలియక కాదు, ఎలా మొదలుపెట్టాలో తెలియక ఫోన్ ఎత్తరు. ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం.

కీళ్లవాతంతో బాధపడుతున్న ఒక పెద్దావిడ చీటీతో వచ్చారు. అందులో మెథోట్రెక్సేట్ 7.5 మిల్లీగ్రాములు, దాని ఎదురుగా “రోజుకు ఒకటి” అన్నట్టుగా గుర్తు ఉంది. కీళ్లవాతానికి ఈ మందును వారానికి ఒక్కసారి మాత్రమే వాడతారు. రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని, నోట్లో పుండ్లు, రక్తకణాల తగ్గుదలతో ప్రాణం మీదికి రావచ్చు. ఆవిడే అడుగుతున్నారు: “ఏటి బాబూ, ఈ మాత్ర రోజూ ఏసుకోవాలా, వారానికోపాలా?”

ఇప్పుడు చేయవలసినవి, ఈ వరసలో:

(క) మందు ఇవ్వకుండా చీటీని పక్కన పెట్టండి. “అమ్మా, చిన్న విషయం డాక్టరు గారిని అడిగి చెబుతాను, రెండు నిమిషాలు కూర్చోండి” అనండి. డాక్టరు తప్పు రాశారని రోగితో అనకూడదు. అది నిజంగా తప్పో కాదో మీకు ఇంకా తెలియదు.

(చ) ఫోన్ చేసే ముందు నాలుగు మాటలు కాగితంపై రాసుకోండి: ఎవరి గురించి, చీటీలో ఏముంది, నా సందేహం ఏమిటి, నేను కోరుతున్నది ఏమిటి.

(ట) మాట్లాడేటప్పుడు ఇలా: “డాక్టర్ గారూ, నమస్కారం సార్. నేను ఫలానా ఫార్మసీ నుంచి ఫార్మసిస్టును మాట్లాడుతున్నాను. మీరు ఈరోజు చూసిన ఫలానా పేరు గల 62 ఏళ్ల పేషెంటు చీటీలో మెథోట్రెక్సేట్ ఏడున్నర మిల్లీగ్రాములు రోజుకు ఒకటి అన్నట్టు కనిపిస్తోంది. కీళ్లవాతానికైతే వారానికోసారి కదా అని నిర్ధారణ కోసం చేశాను. వారానికి ఒక్కసారి అయితే ఏ రోజు చెప్పమంటారు? ఫోలిక్ యాసిడ్ కూడా రాయాలనుకున్నారా?”

(త) డాక్టరు చెప్పినదాన్ని తిరిగి చదివి వినిపించండి: “వారానికి ఒక్కసారి, ప్రతి ఆదివారం, ఫోలిక్ యాసిడ్ వేరే రోజు. అంతే కదా సార్?” ఆ తరువాత చీటీ నకలు మీద సమయం, డాక్టరు చెప్పిన మాట, మీ సంతకం.

(ప) కవరు మీద పెద్ద అక్షరాలతో తెలుగులో “వారానికి ఒక్కసారి – ఆదివారం మాత్రమే” అని రాసి ఇవ్వండి.

ఈ సంభాషణలో డాక్టరును తప్పుపట్టే మాట ఒక్కటీ లేదు, నేరుగా జవాబు చెప్పగలిగిన ప్రశ్న ఉంది. “సార్, ఈ చీటీ ఒకసారి చూస్తారా, ఏదో తేడాగా ఉంది” అని నసిగితే, ఓపీలో నలభై మందిని చూస్తున్న డాక్టరుకు విసుగు రావడం సహజం.

డాక్టరు దొరకకపోతే మందు ఆపి ఉంచండి. ఆసుపత్రి అయితే డ్యూటీ డాక్టరుకు, తరువాత విభాగాధిపతికి చెప్పాలి. “నేను చెప్పినట్టు ఇవ్వండి” అని కసిరినా ప్రమాదం స్పష్టంగా ఉన్నప్పుడు ఇవ్వకూడదు. “సార్, ఈ మోతాదులో నేను ఇవ్వలేను, దయచేసి చీటీ మీద రాసి సంతకం చేసి పంపండి, మా ఇన్‌చార్జికి కూడా చెబుతాను” అని మర్యాదగా, గొంతు పెంచకుండా చెప్పాలి. సంతకం వచ్చినా ఇన్‌చార్జి, విభాగాధిపతి చూసేదాకా ఆ మందు అరలోనే ఉండాలి. మరో సంగతి: షెడ్యూల్ హెచ్ (చీటీపైనే అమ్మవలసినవి), హెచ్1, ఎక్స్ మందుల చీటీకి బదులుగా వేరే బ్రాండు మందు, అదే రసాయనం ఉన్నదైనా సరే, మన ఇష్టప్రకారం ఇవ్వడానికి నియమాలు ఒప్పుకోవు. స్టాకు లేనప్పుడు చేసే ఫోన్ కూడా ఇదే పద్ధతిలో చేయాలి.

5. రోగి చేత తిరిగి చెప్పించుకోవడం

ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్, 2015 రోగికి మందు గురించి వివరించడాన్ని ఫార్మసిస్టు బాధ్యతల్లో చేర్చాయి. వివరించడం చాలామంది చేస్తారు. అర్థమైందో లేదో చూసేవారు తక్కువ. “అర్థమైందా?” అంటే అందరూ “అయింది” అనే అంటారు. దానికి బదులు, “ఇంటికెళ్లాక మీ అబ్బాయి అడిగితే ఈ మాత్ర ఎలా వేసుకోవాలని చెబుతారు, ఒకసారి నాకు చెప్పండి” అని అడగండి. చెప్పలేకపోతే మన వివరణలో లోపం ఉందన్నమాట. మళ్లీ, వేరే మాటల్లో చెప్పాలి.

ఇన్‌హేలర్ అయితే చేయించి చూడాలి. నొక్కే రకమైతే బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, పెదవులు బిగించి, మెల్లగా పీలుస్తూ నొక్కి, దాదాపు 10 సెకన్లు ఊపిరి బిగపట్టాలి. స్టెరాయిడ్ ఉన్నదైతే తరువాత నోరు పుక్కిలించాలి. ఈ పనుల్లో ఏది తప్పుతోందో కళ్లతో చూస్తేనే తెలుస్తుంది.

6. ఆగిన పొరపాట్ల పుస్తకం

మందు తప్పుగా తీసి, రోగికి ఇచ్చేలోపు ఎవరో పట్టుకోవడం ప్రతి ఫార్మసీలోనూ జరుగుతుంది. పెద్ద ఆసుపత్రుల్లో దీన్ని నియర్ మిస్ అంటారు. “దేవుడి దయవల్ల ఆగింది” అని వదిలేస్తే అదే పొరపాటు మరో రోజు ఆగకుండా వెళ్లిపోతుంది. బృందాన్ని నడిపించడం ఈ పుస్తకంతోనే మొదలుపెట్టమని నా గట్టి సలహా.

ప్రతి నమోదులో ఉండవలసినవి: తేదీ, సమయం, ఏ మందుకు బదులు ఏ మందు, ఏ దశలో (చీటీ చదవడం, తీయడం, బిల్లు, అందజేయడం), ఎలా పట్టుబడింది, ఎందుకు జరిగి ఉండవచ్చు, ఏం మార్చాం. పొరపాటు చేసినవారి పేరు మాత్రం రాయకూడదు. పేరు రాయడం మొదలుపెట్టిన రోజునుంచి పుస్తకం ఖాళీగా ఉంటుంది.

ఒక నమోదు ఎలా ఉండాలో నమూనా చూడండి:

“మంగళవారం సాయంత్రం 7.10. థైరాక్సిన్ 50కి బదులు 100 మైక్రోగ్రాముల సీసా తీశారు. బిల్లు వేసేవారు పట్టుకున్నారు. రెండు సీసాలూ ఒకే కంపెనీవి, ఒకే అరలో పక్కపక్కన ఉన్నాయి. ఆ సమయంలో ట్యూబులైటు మినుకుమినుకుమంటోంది. మార్పు: 25, 50, 100లను వేర్వేరు అరల్లోకి మార్చాం, 100 ముందు ఎర్ర చీటీ అంటించాం, లైటు మార్పించాం.”

“ఇకపై జాగ్రత్తగా ఉండాలి” అన్నది మార్పు కాదు. అరలో, వెలుతురులో, వరసలో, పని పంపకంలో కంటికి కనిపించేది ఏదో ఒకటి మారాలి. పేర్లు దగ్గరగా ఉండే మందులకు ఇదే సూత్రం. రక్తపోటుకు వాడే క్లోనిడిన్, మూర్ఛకూ ఆందోళనకూ వాడే క్లోనజెపామ్; రక్తపోటుకే వాడే హైడ్రాలజిన్, దురదకు వాడే హైడ్రాక్సిజిన్. అక్షరక్రమంలో సర్దితే ఈ జంటలు పక్కపక్కనే వచ్చి కూర్చుంటాయి; అందువల్ల కావాలనే విడదీసి పెట్టాలి.

వారానికి ఒక రోజు, రద్దీ లేని సమయంలో పావుగంట అందరూ నిలబడే పుస్తకం చదవండి. మొదటి రెండు వారాలు ఎవరూ ఏమీ రాయరు, అది భయం. ఆ రెండు వారాలూ మీ సొంత నమోదులే చదివి వినిపించండి. ఇన్‌చార్జి తన పొరపాటును మామూలు గొంతుతో చదవగలిగితే హెల్పరు కుర్రాడు కూడా మూడో వారం రాస్తాడు.

మందు సరిగానే ఇచ్చినా రోగికి దుష్ప్రభావం కనిపిస్తే అది వేరే నమోదు. 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలపై నిఘా) కార్యక్రమానికి ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ సమన్వయ కేంద్రం. ఫార్మసిస్టు స్వయంగా నివేదించవచ్చు, ఆ మందువల్లే అని రుజువు కానవసరం లేదు, అనుమానం చాలు. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024ను కౌంటర్ వెనుక అందరికీ కనిపించేలా అంటించండి.

7. ఇన్‌చార్జి అయిన మొదటి నెల

నిన్నటి దాకా పక్కన నిలబడి పనిచేసినవారికి ఈరోజు పని చెప్పవలసి రావడం కష్టమే. మొదటి వారంలో కొత్త నియమాలేవీ పెట్టకండి. ఒక్కొక్కరితో విడిగా పది నిమిషాలు కూర్చుని, “మీ పనిలో రోజూ అడ్డం వస్తున్నది ఏమిటి?” అని మాత్రమే అడిగి, వారు చెప్పినవాటిలో చిన్నది ఒకటి ఆ వారమే తీర్చండి. విరిగిన స్టూలు, ఇరుక్కుపోతున్న ప్రింటరు, మధ్యాహ్నం భోజనానికి వంతు లేకపోవడం లాంటివి. ఆ తరువాత మీరు చెప్పే పెద్ద మార్పును వారు వింటారు.

రెండో వారంలో షిఫ్టు అప్పగింతను కాగితం మీదికి తీసుకురండి. నోటితో చెప్పిన సంగతులు బస్సు ఎక్కేలోపు మరిచిపోతారు. అప్పగింత కాగితంలో:

• డాక్టరు జవాబు కోసం ఆపి ఉంచిన చీటీలు
• అయిపోయిన, అయిపోవస్తున్న మందులు, పెట్టిన ఇండెంటు (తెప్పించమని రాసిన జాబితా)
• ఫ్రిజ్ ఉష్ణోగ్రత, కరెంటు పోయిన సమయం
• వార్డునుంచి గానీ రోగులనుంచి గానీ రావలసిన ఫోన్లు
• హెచ్1 రిజిస్టరు ఎక్కడిదాకా పూర్తయింది
• ఇద్దరి సంతకాలు

తప్పు సరిదిద్దేటప్పుడు రోగుల ముందు ఒక్క మాట కూడా అనకండి. పక్కకు పిలిచి, “తమ్ముడూ, ఇందాక ఆ సిరప్ ఇచ్చేటప్పుడు కొలత గ్లాసు చూపించలేదు. చెంచాతో పోస్తే పాపకు మోతాదు మారిపోతుంది. ఈసారి గ్లాసులో గీత చూపించి ఇవ్వు” అని, జరిగినది, దాని ఫలితం, చేయవలసినది చెప్పి ఆపండి. గతనెల చేసిన తప్పు, మనిషి స్వభావం, చదువు ఇవేవీ ఆ మాటలోకి రాకూడదు. వయసులో పెద్దవారైన సహాయకులను “గారు” అనే పిలవాలి; వారి అనుభవాన్ని ముందు అడిగి తెలుసుకుని ఆ తరువాత మార్పు చెబితే నొచ్చుకోరు.

పని పంచేటప్పుడు పనితో పాటు అధికారాన్నీ ఇవ్వాలి. ఫ్రిజ్ చార్టు ఒకరికి అప్పగిస్తే, ఉష్ణోగ్రత దాటినప్పుడు మెకానిక్‌ను పిలిచే అనుమతి కూడా వారికే ఉండాలి. చీటీ తనిఖీ మాత్రం ఫార్మసిస్టు కానివారికి ఎన్నడూ అప్పగించకూడదు.

8. యజమానికి “కుదరదు” అని చెప్పడం

చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వమనే ఒత్తిడి షాపుల్లో రోజూ ఉంటుంది. సెఫిక్సిమ్, లెవోఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయాటిక్‌లు, నొప్పికి వాడే ట్రమడాల్, ఆందోళనకు వాడే ఆల్ప్రజోలామ్ వంటివి 2014 మార్చి 1 నుంచి అమలులో ఉన్న షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. వీటి దగ్గర మెత్తబడితే మిగతా మెట్లన్నీ వృథా.

రోగి ముందు యజమానితో వాదించకండి. షాపు మూసే వేళ కూర్చుని మాట్లాడండి: “సార్, హెచ్1 మందు చీటీ లేకుండా ఇస్తే రిజిస్టరులో డాక్టరు పేరు ఏం రాయాలి? ఇన్‌స్పెక్షన్‌లో అడిగితే లైసెన్సు మీది, రిజిస్ట్రేషన్ నాది, రెండూ పోతాయి. చీటీ లేనివారిని దగ్గర్లోని క్లినిక్‌కు పంపుదాం. తిరిగి మన దగ్గరికే వస్తారు.” క్లినిక్ వేళల జాబితా, దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రం చిరునామా కౌంటర్ మీద ఉంచితే, రోగిని ఉత్తచేతులతో పంపినట్టు ఉండదు. మూడు నాలుగుసార్లు చెప్పినా మారని చోట ఉద్యోగం మారడమే సరైన నిర్ణయం. మీ రిజిస్ట్రేషన్ నంబరు మీ జీవితమంతా మీతో ఉంటుంది, ఆ షాపు ఉండదు.

9. తుఫానుకు ముందే సిద్ధం కావడం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. అలాంటి రోజుల్లో ఇన్సులిన్ వాడేవారు, మూర్ఛ మందులు వాడేవారు మొదట వెతికేది ఫార్మసీనే. అక్టోబరు, నవంబరు నెలలకు ముందుగానే ఈ పనులు పూర్తి కావాలి:

• ఫ్రిజ్ మందులన్నీ ఒక జాబితాగా. 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండవలసినవి విడిగా
• ఐస్ ప్యాకులు, మూత గట్టిగా పడే కోల్డ్ బాక్సు. ఐస్ ప్యాక్ ఇన్సులిన్‌కు నేరుగా తగలకుండా మధ్యలో అట్ట
• జనరేటరు లేదా ఇన్వర్టరు ఎంతసేపు ఆగుతుందో ఒకసారి పరీక్షించి రాసిపెట్టడం
• దీర్ఘకాలిక రోగుల జాబితా, హెచ్చరిక రాగానే “మందులు ఎన్ని రోజులకు ఉన్నాయి?” అని ఫోన్
• నేలకు దగ్గరి అరల్లోని స్టాకు పైకి
• ఎవరు ఏ ప్రాంతంలో ఉంటారు, ఎవరు నడిచి రాగలరు

గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా వాడకూడదు. తెరిచిన ఇన్సులిన్‌లో చాలా రకాలు సాధారణ గది ఉష్ణోగ్రతలో దాదాపు 28 రోజులు పనిచేస్తాయి. కచ్చితమైన గడువు ఆ మందు కాగితంలో చూడాలి. కరెంటు పోయిందని ఇంట్లో తెరిచి వాడుతున్న సీసాను పారేయవద్దని రోగులకు ముందే చెప్పడం కూడా ఈ సన్నాహంలో భాగమే.

10. చదువు, శిక్షణ

ఈ విషయాన్ని క్లుప్తంగా ముగిస్తాను, ఎందుకంటే సర్టిఫికెట్ల సంఖ్యకూ కౌంటర్ దగ్గరి పనికీ ఉన్న సంబంధం మనం అనుకునేంత లేదు. రిజిస్ట్రేషన్ రెన్యూవల్ కోసం ఎలాగూ హాజరు కావలసిన రిఫ్రెషర్ కోర్సులను చివరి నెల దాకా వాయిదా వేయకండి. సంవత్సరానికి ఒకే అంశం ఎంచుకోండి: ఒక ఏడాది మధుమేహం, మరో ఏడాది ఆస్తమా. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఫార్మసీ కళాశాలలో గానీ నగరంలోని ఇతర కళాశాలల్లో గానీ సదస్సు జరిగితే మీ సందేహాల పుస్తకం వెంట తీసుకెళ్లి, అందులోని రెండు ప్రశ్నలైనా అడిగి రండి. ఆసుపత్రిలో ఉన్నవారు ఫార్మ్.డి. (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) విద్యార్థులకు నేర్పే అవకాశం వస్తే వదులుకోకూడదు. పరవాడ ఫార్మా సిటీలో తయారీ రంగంలో ఉన్నవారికి ఆరో మెట్టు యథాతథంగా పనికివస్తుంది. అక్కడ డీవియేషన్ (నిర్ణీత పద్ధతి తప్పడం) నమోదులో కూడా “సిబ్బందికి సూచించాం” అని రాసి మూసేసే అలవాటే పెద్ద లోపం.

11. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటిని సరిదిద్దే తీరు

అన్నీ ఒకేసారి మొదలుపెట్టడం: నాలుగు రిజిస్టర్లు ఒకే రోజు తెరిస్తే నెలలో నాలుగూ ఆగిపోతాయి. ఒకటి నిలబడ్డాకే రెండోది తెరవండి.

ప్రతి చీటీకీ ఫోన్ చేయడం: అక్షరం అర్థం కాని చిన్న విషయాలను, ఆ రోజు ప్రమాదం లేనివాటిని కలిపి, క్లినిక్ ముగిసే వేళ ఒకేసారి అడగండి. మోతాదు, అలర్జీ, మందుల మధ్య ప్రమాదకరమైన చర్య లాంటివైతే వెంటనే చేయాలి.

అన్నీ తానే చేయడం: మంచి ఫార్మసిస్టులు ఎక్కువగా చిక్కుకునేది ఇందులోనే. మీరు భోజనానికి వెళ్లినప్పుడు పని ఆగుతోందంటే, మీరు ఎవరికీ నేర్పలేదని అర్థం. వారానికి ఒక పని ఎంచుకుని ఒకరికి చూపించి, వారిచేత మీ ముందే చేయించి, ఆ తరువాత వదిలేయండి.

పొగడ్త మరిచిపోవడం: తప్పు పట్టుకున్న సహాయకుణ్ణి ఆ రోజే, అందరి ముందూ మెచ్చుకోండి. మందలింపు చాటుగా, మెప్పు బహిరంగంగా.

అలసటను లెక్కచేయకపోవడం: పన్నెండు గంటల షిఫ్టు చివర్లో చేసిన తనిఖీ మీద నమ్మకం పెట్టుకోకూడదు. ఆగిన పొరపాట్ల పుస్తకంలో సమయాల గడి చూడండి. రాత్రి 8 తరువాతే ఎక్కువ ఉంటే, ఆ లెక్కను చూపించి యాజమాన్యాన్ని మరో మనిషిని అడగండి. ఒట్టి మాటగా అడిగినదానికీ పుస్తకం తెరిచి అడిగినదానికీ వచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

12. ఆరో నెలలో చేయవలసిన పరీక్ష

మరో రిజిస్టర్డ్ ఫార్మసిస్టును ఏర్పాటు చేసి మూడు రోజులు సెలవు పెట్టండి. ఆ మూడు రోజులూ మీరుగా ఫోన్ చేసి ఏమీ చెప్పకండి. వారు అడిగితే మాత్రమే జవాబివ్వండి, అడిగిన ప్రశ్నలు రాసి ఉంచండి.

తిరిగి వచ్చిన ఉదయం, కౌంటర్ తెరవకముందే చూడవలసినవి:

• హెచ్1 రిజిస్టరు మూడు రోజులూ పూర్తిగా ఉందా?
• ఫ్రిజ్ చార్టులో ఆరు నమోదులూ ఉన్నాయా, అంకెలన్నీ ఒకేసారి నింపినట్టు ఒకే ఇంకుతో, ఒకే చేతిరాతతో ఉన్నాయా?
• షిఫ్టు అప్పగింత కాగితాలపై రెండు సంతకాలూ ఉన్నాయా?
• డాక్టరుకు ఎవరైనా ఫోన్ చేశారా? ఆ మాట చీటీ నకలు మీద రాశారా?
• ఆగిన పొరపాట్ల పుస్తకంలో కొత్త నమోదు ఉందా?
• మీకు వచ్చిన ప్రశ్నల్లో, ముందే నేర్పి ఉంటే రాకుండా ఉండేవి ఎన్ని?

ఏ పుస్తకం ఖాళీగా కనిపించిందో దాని బాధ్యుడితో ఆ మధ్యాహ్నమే కూర్చుని ఎక్కడ ఆగిందో అడిగి తెలుసుకోండి. తరువాతి నెల పనిని ఆ పుస్తకంతోనే మొదలుపెట్టండి.